అటూ ఇటూ చూసి చెప్పిన మాట

గత నెల ఓ శుక్రవారం జుమా నమాజు ముగిసి, జనం చెప్పులు వెతుక్కుంటున్న వేళ మా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చి మా ప్రక్కన కూర్చున్నాడు. చిన్నతనంలో మా వద్ద నాజిరా చదువుకున్నవాడు. ఇప్పుడు కొత్తూరులో ఓ కర్మాగారంలో పని చేస్తున్నాడు. షిఫ్టు ముగిశాక కూడా అతనికి తీరిక వుండదు. బీహారు నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కూలీలకు పి.ఎఫ్. కాగితాలు నింపి పెడతాడు. సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తులు రాస్తాడు. ఎవరి జీతం ఆగిపోయినా ముందు అతని ఇంటి తలుపే తడతారు.

"మౌల్వీ సాబ్, నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. అయినా వారం రోజులుగా నాకు నిద్ర పట్టడం లేదు" అన్నాడు.

జరిగింది ఇది. రాత్రి షిఫ్టు ముగించుకుని మోటారు సైకిలు మీద వస్తుంటే వాహనాల తనిఖీ దగ్గర ఆపారు. కాగితాలు చూశారు. ఆ తర్వాత ఫోను అడిగారు. తెరిచి ఇమ్మన్నారు. ఇచ్చాడు. వాట్సప్ గ్రూపులు చూశారు, ఫోటోలు చూశారు. "ఇంతమంది ఆధార్ కార్డులు నీ దగ్గర ఎందుకున్నాయి?" అని అడిగారు. చెప్పాడు. ఇరవై నిమిషాలలో ఫోను తిరిగి ఇచ్చి పంపేశారు. అది ఏ ఠాణా పరిధిలో జరిగిందన్నది ఇక్కడ అప్రస్తుతం.

అయితే ఆ ఫోనులో అతనివి కాని సంగతులెన్నో వున్నాయి. నలభైమంది కూలీల ఆధార్ కార్డులు, బ్యాంకు పాసు పుస్తకాల ఫోటోలు వున్నాయి. ఒక సోదరి తన సూపర్‌వైజరు ప్రవర్తన గురించి ఏడుస్తూ పంపిన మాటల రికార్డు వుంది. తనిఖీ చేసినవారు దానిని విన్నారో లేదో అతనికి తెలియదు. కానీ ఫోను చూశారన్న కబురు మర్నాటికల్లా బస్తీ అంతా ప్రాకింది. ఆ సోదరి తన అన్నను వెంటబెట్టుకుని వచ్చి, "నా ఫిర్యాదు వద్దు, అది చెరిపెయ్యండి" అని చెప్పి వెళ్ళిపోయింది. ఇంకో ముగ్గురు కూలీలు కూడా తమ కాగితాలు వెనక్కి అడిగారు.

అతని తండ్రి మాకు చిరకాల మిత్రుడు. ఆయన కూడా అక్కడే వున్నాడు. "తప్పు చేయనివాడికి భయమెందుకు? చూస్తే చూడనీ, మన సొమ్మేం పోయింది?" అన్నాడు.

పాఠకులు ఈ మాట తమ ఇళ్ళలో వందసార్లు విని వుంటారు. నిజం చెప్పాలంటే మేము కూడా చాలాకాలం ఇదే మాట అన్నవాళ్ళమే. మా విద్యార్థులకు ఇదే సలహా ఇచ్చాము కూడా. అది పొరపాటని ఇప్పుడు అనుకుంటున్నాము. ఎందుకో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

దైవప్రవక్త (స) బోధించిన ఒక మర్యాద వుంది. మదరసాలో చదివిన ప్రతి కుర్రవాడికీ అది తెలుసు, కానీ దాని బరువు తెలియడానికి వయసు రావాలి. ఒక మనిషి మీతో ఏదైనా మాట చెబుతూ, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ తిరిగి చూశాడనుకోండి. ఆ మాట మీ దగ్గర అమానత్ అవుతుంది. "ఎవరికీ చెప్పకు" అని అతను నోటితో అడగనక్కరలేదు. ఆ చూపే చాలు. ఆ క్షణం నుంచి అది మీ సొమ్ము కాదు, మీ దగ్గర దాచిన పరాయి సొమ్ము.

ఇప్పుడు ఆ సోదరి పంపిన రికార్డు సంగతి ఆలోచించండి. ఆమె తలుపు వేసుకుని, పిల్లలు నిద్రపోయాక, గొంతు తగ్గించి మాట్లాడింది. అటూ ఇటూ చూసి చెప్పడమంటే ఇదే కదా! కాబట్టి "మన సొమ్మేం పోయింది" అన్న మా మిత్రుని ప్రశ్నకు జవాబు సులభం. మన సొమ్ము ఏమీ పోలేదు. పోయింది పరులది.

ప్రజల కోసం తిరిగేవారి ఫోను ఎన్నడూ ఒక్కరిది కాదు. పి.ఎఫ్. కోసం తిరిగే మా విద్యార్థి కావచ్చు, వక్ఫు భూముల రికార్డులు వెలికితీసే పెద్దలు కావచ్చు, కోర్టు వ్యవహారాలు చూసే వకీలు కావచ్చు, పత్రికా విలేఖరి కావచ్చు. వారిలో ఒకరి తలుపు తెరుచుకుంటే వెనుక నలభై ఇళ్ళ తలుపులు తెరుచుకుంటాయి.

దీనికి మన తెలుగునాటనే ఒక ఉదాహరణ వుంది. కవి వరవరరావు గారి పేరు తెలియనివారుండరు. ఆయన రాజకీయాలతో మాకు ఏకీభావం లేదు; ఆ చర్చ ఇక్కడ అవసరమూ లేదు. 2018 ఆగస్టు 28న భీమా కోరేగావ్ కేసులో పుణె పోలీసులు హైదరాబాదులోని ఆయన ఇంటినీ, ఆయన అల్లుళ్ళ ఇళ్ళనూ సోదా చేశారు. ఆ ఏడాది నవంబరులో ఆయనను పుణెకు తీసుకువెళ్ళారు. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆరోగ్య కారణాలపై బెయిలు ఇచ్చింది. అదే కేసులో ఢిల్లీలో వుండే రోనా విల్సన్ అనే కార్యకర్త 2018 జూన్‌లో అరెస్టయ్యారు. ఆయన కంప్యూటరులో దొరికాయన్న ఉత్తరాలు ఆ కేసుకు ముఖ్య ఆధారం.

2021 ఫిబ్రవరిలో ఆర్సెనల్ కన్సల్టింగ్ అనే అమెరికా సంస్థ, ముద్దాయిల తరఫు వకీళ్ళు కోరగా, ఆ కంప్యూటరు ప్రతిని పరీక్షించి ఒక నివేదిక ఇచ్చింది. 2016 జూన్ 13న ఎవరో వరవరరావు గారి ఈమెయిల్ ఖాతా నుంచి రోనా విల్సన్‌కు వరుసగా ఉత్తరాలు పంపి, ఒక పత్రాన్ని తెరవమని కోరారట. పాత పరిచయస్థుని పేరు చూసి ఆయన తెరిచారు. దానితోపాటు నెట్‌వైర్ అనే దొంగ ప్రోగ్రాం లోపలికి ప్రవేశించింది. సుమారు 22 నెలలపాటు అది అక్కడే కూర్చుని, రహస్యంగా దాచిన ఒక ఫోల్డరులో ఉత్తరాలు తెచ్చి పెట్టిందని, వాటిని ఆయన తెరిచి చూసిన జాడే లేదని ఆ నివేదిక సారాంశం. దర్యాప్తు సంస్థ దీనిని అంగీకరించలేదు. ఏది నిజమో తేల్చవలసినది న్యాయస్థానం. ఆ లోగా రోనా విల్సన్ ఆరున్నర యేండ్లు చెరసాలలో గడిపి 2025 జనవరిలో బెయిలుపై వచ్చారు.

మేము ఈ కేసును ఎత్తిచూపడంలో ఉద్దేశం ఒక్కటే. ఆ నివేదిక చెప్పినదే నిజమైతే, ఒక పెద్దమనిషి ఈమెయిల్ ఖాతాకు పరాయివారి చేతిలో పడిన తాళం, వేయి మైళ్ళ అవతల ఇంకొకరి ఇంటి తలుపు తెరిచింది. తప్పు చేయనివాడికి భయమెందుకని అడిగేవారు ఈ సంగతి కూడా ఆలోచించాలి. ఎందుకంటే మనం ఎన్నడూ రాయని ఉత్తరం మన పెట్టెలో దొరకవచ్చు.

ఇక మన నగరం సంగతికి వద్దాము. కొత్తూరు నుంచి హైదరాబాదుకు బస్సులో పోతుంటే శంషాబాదు మొదలుకొని కూడలి కూడలికీ స్తంభాల మీద కెమెరాలు కనబడతాయి. మన విమానాశ్రయంలో 2023 నుంచి, దేశంలోపలి ప్రయాణాలకు, డిజీ యాత్ర పద్ధతి నడుస్తున్నది. ముఖమే టిక్కెట్టు, ముఖమే గుర్తింపు కార్డు. అది ఐచ్ఛికమని ప్రభుత్వం చెబుతున్నది. మంచిదే, వద్దనుకున్నవారు మామూలు వరుసలో నిలబడవచ్చు. కానీ రోడ్డు మీద మామూలు వరుస ఎక్కడుంది? ముఖం ఇంట్లో పెట్టి తాళం వేసి రాలేము కదా.

తెలంగాణ పోలీసుల టీఎస్‌కాప్ అప్లికేషనులో 2018లోనే ముఖాలను పోల్చి చూసే సదుపాయం చేర్చారు. 2021 మే నెలలో, లాక్‌డౌన్ రోజులలో, పాతబస్తీ షహ్రాన్ మార్కెట్ వద్ద ఎస్.క్యూ. మసూద్ అనే సామాజిక కార్యకర్తను పోలీసులు ఆపారు. ముఖానికున్న మాస్కు తీయమన్నారు. ఆయన నిరాకరించారు. అయినా ఫోటో తీసుకున్నారు. ఎందుకు తీశారు, ఎక్కడ దాచారు, ఎవరు చూస్తారు అని అడుగుతూ ఆయన నగర పోలీసు కమిషనరుకు నోటీసు పంపారు. జవాబు రాలేదు. దాంతో ఆయన తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2022 జనవరి 3న హైకోర్టు ప్రభుత్వానికి నోటీసు జారీ చేసింది. ముఖాలను గుర్తించే ఈ పద్ధతికి ఏ చట్టం ఆధారమో చెప్పమని అడిగిన వ్యాజ్యాలలో మన దేశంలో ఇదే మొట్టమొదటిదిగా చెబుతారు.

వేలమందిని అలా ఆపి ఫోటోలు తీసి వుంటారు. అడిగినవాడు ఒక్కడు. ఆ ఒక్కడు మన బస్తీవాడు కావడం మాకు సంతోషమే, కానీ మిగిలినవాళ్ళం ఎందుకు అడగలేదన్న బాధ కూడా వుంది. జవాబు అందరికీ తెలిసిందే. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు ప్రేలాక ఎందరు అమాయక యువకులను పట్టుకుపోయారో, కోర్టులు విడుదల చేసేసరికి వారి చదువులు, సంబంధాలు, ఉద్యోగాలు ఏమయ్యాయో ఆ ఇళ్ళవారు మరువలేదు. 2012లో ప్రభుత్వం వారిలో కొందరికి పరిహారం ఇచ్చింది, తరువాత అది కూడా కోర్టు వివాదంలో పడింది. అలాంటి ఇళ్ళలో పెద్దలు పిల్లలకు చెప్పేది ఒకటే: అడిగింది ఇచ్చేసి ఇంటికి రా.

అదే 2021 అక్టోబరులో గంజాయి తనిఖీల పేరిట హైదరాబాదు వీధులలో పోలీసులు కుర్రవాళ్ళను ఆపి, ఫోనులలో ఆ పదం వుందా అని వెతికిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఎవరినీ బలవంతపెట్టలేదని, వారే ఇచ్చారని అధికారులు అన్నారు. నిజమే కావచ్చు. నడిరోడ్డు మీద లాఠీ ముందు నిలబడి ఇచ్చిన అంగీకారం ఎలాంటిదో పాఠకులే నిర్ణయించుకోవాలి.

కెమెరాలు దొంగలను పట్టిస్తాయి. కాదనము. మా వీధిలో పోయిన సైకిలు కెమెరా వల్లనే దొరికింది. అయితే యంత్రం చూపిన పోలికను మనిషి గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో మెదక్‌లో చూశాము. 2023 జనవరిలో గొలుసు దొంగతనం కేసులో, కెమెరా దృశ్యంలోని మనిషిలా వున్నాడని ఓ దినసరి కూలీని పట్టుకుపోయారు. అతను మన సోదరుడే. తరువాత వదిలిపెట్టారు. ఠాణాలో తనను చిత్రహింసలు పెట్టారని ఆసుపత్రి మంచం మీద నుంచి చెప్పి, ఫిబ్రవరిలో గాంధీ ఆసుపత్రిలో కన్నుమూశాడు. హైకోర్టు తనంతట తానుగా విచారణకు స్వీకరించింది. ఇన్నాలిల్లాహ్. ఆ ఇంటి ముందు నిలబడి "తప్పు చేయనివాడికి భయమెందుకు" అని అనగలమా?

పాలకులకు ఎవరి ఉత్తరమూ చూసే హక్కే లేదా అని కొందరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. మన చరిత్రలోనే దీనికి జవాబు వుంది. మక్కా విజయానికి ముందు హాతిబ్ (రజి) అనే సహచరుడు, ముస్లింల ప్రయాణ సన్నాహాలను తెలుపుతూ ఖురైషులకు రహస్యంగా ఉత్తరం పంపారు. దానిని తీసుకుపోతున్నది ఒక స్త్రీ. దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)ని, మరికొందరిని పంపి రౌజా ఖాఖ్ అనే చోట ఆమెను ఆపించారు. జడలో దాచిన ఉత్తరం బయటపడింది. అంటే రాజ్యానికి ముప్పు వున్నప్పుడు ఉత్తరాన్ని అడ్డగించడం వుంది. కానీ ఎలా అన్నది గమనించాలి. ఒక్క ఉత్తరం, ఒక్క మనిషి, ఒక్క చోటు. మదీనా బాట పట్టిన ప్రతి స్త్రీ జడనూ విప్పించలేదు. పట్టుబడ్డాక హాతిబ్ (రజి)ని పిలిపించి, ఎందుకు చేశావని అడిగి, ఆయన చెప్పుకున్నది విని, క్షమించారు కూడా. అక్కడ దైవవాణి ద్వారా కచ్చితమైన సమాచారం అందింది. నేటి పాలకులకు దైవవాణి రాదు కాబట్టి, దాని స్థానంలో చేతిలో సాక్ష్యమూ, ఎదుట న్యాయమూర్తీ వుండాలని కోరడం అత్యాశ కాదు.

మన దేశపు చట్టం కూడా ఇంచుమించు ఇదే చెబుతున్నది. 1996 డిసెంబరులో, పి.యు.సి.ఎల్. వేసిన కేసులో, జస్టిస్ కుల్దీప్ సింగ్, జస్టిస్ సగీర్ అహ్మద్‌లు ఫోను వినాలంటే హోం కార్యదర్శి స్థాయి ఉత్తర్వు కావాలన్నారు. దాని ప్రతి వారంలోగా సమీక్షా సంఘానికి చేరాలన్నారు. ఉత్తర్వు 2 నెలలకు మించి చెల్లదని, పొడిగించినా మొత్తం 6 నెలలు దాటరాదని అన్నారు. 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత మన ప్రాథమిక హక్కు అని ప్రకటించారు. కాగితం మీద ఇంతకన్నా ఏం కావాలి?

ఆచరణ వేరుగా వుంది. 2024 మార్చిలో హైదరాబాదు పంజగుట్ట ఠాణాలో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు అందరికీ తెలిసిందే. మావోయిస్టుల మీద నిఘా కోసం ఏర్పడిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్రాంచిలో కొందరు, ప్రతిపక్ష నాయకుల, విలేఖరుల, వ్యాపారుల ఫోనులు విన్నారని అభియోగం. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారగానే హార్డు డిస్కులు ధ్వంసం చేశారని కూడా అభియోగం. నిందితులు కాదంటున్నారు. కోర్టు ఏమంటుందో చూడాలి. ఒకటి మాత్రం నిజం. నాయకుల ఫోను విన్నారంటే పత్రికలు మొదటి పేజీలో వేస్తాయి. కొత్తూరు కూలీల కోసం తిరిగేవాని ఫోను చూస్తే ఎవరు వేస్తారు?

ఢిల్లీ స్థాయిలోనూ అంతే. 2021 జూలైలో పెగాసస్ వ్యవహారం బయటపడ్డప్పుడు మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ ప్రధాన న్యాయమూర్తిగా వున్నారు. సుప్రీంకోర్టు నియమించిన సంఘం 29 ఫోనులను పరీక్షించి, 5 ఫోనులలో ఏదో దొంగ ప్రోగ్రాం వుందని, అది పెగాససే అని తేల్చిచెప్పలేమని నివేదించింది. ప్రభుత్వం సహకరించలేదని ఆ సంఘం చెప్పిన సంగతిని జస్టిస్ రమణ 2022 ఆగస్టులో కోర్టులోనే వెల్లడించారు. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వ్యాపార సంస్థలను కట్టడి చేస్తుంది గానీ, ప్రభుత్వం కోరుకున్న విభాగాలకు మినహాయింపు ఇచ్చుకునే వీలు అందులోనే వుంది. అయితే అడిగితే ఫలితం వుండదని అనుకోనక్కరలేదు. సంచార్ సాథీ అప్లికేషనును ప్రతి కొత్త ఫోనులో తప్పనిసరిగా వేయాలని 2025 నవంబరు చివర ఇచ్చిన ఉత్తర్వును, జనం గట్టిగా ప్రశ్నించేసరికి వారం తిరక్కముందే ఉపసంహరించుకున్నారు.

పాలకులను నిలదీసేముందు మన ఇల్లు కూడా చూసుకోవాలి. ఇది చెప్పడం కొందరికి రుచించకపోవచ్చు. హుజురాత్ సూరా 12వ ఆయత్‌లో ఇతరుల గుట్టు ఆరా తీయడాన్ని అల్లాహ్ నిషేధించాడు. ఈ తజస్సుస్ ఠాణాలలోనే జరుగుతుందా? కోడలి ఫోను అత్త చూస్తుంది. భార్య ఫోను భర్త తెరుస్తాడు. మసీదు కమిటీ ఎన్నికల ముందు ఎదుటివారి గ్రూపులోని మాటలు ఫోటో తీసి ఊరంతా పంచుతారు. భార్య తన తల్లిదండ్రులతో మాట్లాడిన మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసిన ఓ భర్త కేసులో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అది ఆమె గోప్యతకు భంగమని చెప్పి దాదాపు రెండు దశాబ్దాలవుతున్నది. 2025 జూలైలో సుప్రీంకోర్టు ఇంకో కేసులో, భార్యాభర్తల వివాదంలో అలాంటి రికార్డును సాక్ష్యంగా స్వీకరించవచ్చంది. చట్టం ఇటో అటో మారవచ్చు. మన ధర్మం మారదు.

హజ్రత్ ఉమర్ (రజి) గురించి మదరసాలలో తరతరాలుగా చెప్పుకునే ఘటన ఇక్కడ గుర్తుకు వస్తుంది. ఖలీఫాగా రాత్రివేళ గస్తీ తిరుగుతూ, ఒక ఇంట్లో చప్పుడు విని, గోడ దూకి లోపలికి వెళ్ళారు. అక్కడ ఒకతను మద్యంతో పట్టుబడ్డాడు. అతను తడబడలేదు. నేను చేసింది ఒక తప్పు, మీరు చేసినవి మూడు అన్నాడు. ఆరా తీయవద్దంటే తీశారు, ద్వారం గుండా రమ్మంటే గోడ దూకారు, అనుమతీ సలామూ లేకుండా వచ్చారు అని లెక్కపెట్టాడు. ఉమర్ (రజి) అతనిని శిక్షించకుండా వెనుదిరిగారు. ఇందులో అతను తప్పు చేసినవాడేనని మరువరాదు. తప్పు చేసినవాడికి కూడా తలుపు వుంటుంది.

మా విద్యార్థి దగ్గరికి తిరిగి వద్దాము. "మరి నేను ఏం చేయాలి? పని మానెయ్యాలా?" అని అడిగాడు. మానవద్దన్నాము. ఈ యంత్రాల సంగతి మాకు అంతంతమాత్రమే తెలుసు కనుక, నగరంలో ఈ విద్య నేర్పే ఒక వకీలు మిత్రుని దగ్గరికి అతనిని తీసుకుపోయాము. అక్కడ మేము తెలుసుకున్నవి కొన్ని పాఠకులకూ పనికివస్తాయి.

మొదటిది, ఫోనులో పెట్టుకోనిదానిని ఎవరూ చూడలేరు. నలభై ఆధార్ కార్డుల ఫోటోలు నెలల తరబడి మోయనవసరం లేదు. దరఖాస్తు పెట్టగానే చెరిపివేయాలి. ఆధార్ సంస్థే చివరి నాలుగు అంకెలు మాత్రం కనబడే కార్డు ఇస్తుంది, వీలైన పనులకు అది తీసుకుంటే చాలు. అయితే ఒక హెచ్చరిక కూడా చేశాడు. కేసు నమోదయ్యాక, కాగితాలు కోరాక చెరపడం సాక్ష్యాన్ని నాశనం చేసిన నేరమవుతుంది. పొదుపు ముందుగా చేయాలి, ఆపద వచ్చాక కాదు.

వాట్సప్ సంగతి చాలామందికి తెలియదు. దానిలో మాటలకు తాళం వుంటుంది, దారిలో ఎవరూ చదవలేరు. కానీ ఎవరు ఎవరితో ఏ వేళ మాట్లాడారన్నది దాగదు. పైగా ఆ మాటల నకలు గూగుల్ ఖాతాలో పడివుంటుంది. దానికి విడిగా తాళం వేసే వీలు 2021 నుంచి వుంది, వేసుకున్నవారు ఎందరు? సిగ్నల్ అనే అప్లికేషను ఇంతకన్నా మేలు. అది తన దగ్గర దాదాపు ఏమీ దాచుకోదు. నిర్ణీత కాలం తర్వాత మాటలు వాటంతటవే మాయమయ్యే ఏర్పాటు రెండింటిలోనూ వుంది. ఆ సోదరి రికార్డు వంటివి అలా పంపుకుంటే సరిపోయేది. మామూలు ఫోను కాల్స్, ఎస్.ఎమ్.ఎస్.లకు ఈ తాళం లేదు. పైగా ఎవరు ఎవరికి చేశారన్న పట్టీని కంపెనీలు కనీసం 2 యేండ్లు దాచాలని 2021 చివరలో ప్రభుత్వం నిబంధన పెట్టింది. ఇక రెండువందల మంది వున్న గ్రూపులో రహస్యం చెప్పడం బజారులో మైకు పెట్టి చెప్పడమే. దానికి ఏ అప్లికేషనూ బాధ్యత వహించదు.

వేలిముద్రతో తెరుచుకునే ఫోనును వేలు పట్టుకుని తెరిపించవచ్చు. ఆరు అంకెలైనా వున్న సంఖ్య మనసులో వుంటుంది. వాట్సప్‌లో మనకు తెలియని కంప్యూటరు ఏదైనా జోడించి వుందేమో అప్పుడప్పుడు చూసుకోవాలి. పెళ్ళి పత్రిక అని వచ్చే ఫైళ్ళతో మన బస్తీలలోనే ఎందరో డబ్బు పోగొట్టుకున్నారు. పంపినవాడు మేనమామ అయినా సరే, ఫోను చేసి కనుక్కున్నాకే తెరవాలి. రోనా విల్సన్‌కు వచ్చిన ఉత్తరం కూడా తెలిసిన పేరుతోనే వచ్చింది కదా. ఫోనును తాజాపరచమని కంపెనీ పంపే కబురును రేపటికి వాయిదా వేయరాదు. పెగాసస్ వంటివి నొక్కకుండానే దూరగలవు, వాటి ముందు మన తాళాలు చాలవు. కానీ అంత ఖరీదైన బాణాన్ని ప్రతి పిట్ట మీదా వేయరు.

తనిఖీలో ఫోను అడిగితే ఏ సెక్షను క్రింద అని మర్యాదగా అడగవచ్చు. వాదన పెంచుకోరాదు, చెయ్యి విదిలించుకోరాదు. ఫోను స్వాధీనం చేసుకుంటే పంచనామా ప్రతి అడగాలి. 2024 జూలై 1 నుంచి అమలులో వున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షను సోదాను, స్వాధీనాన్ని వీడియో తీయాలని చెబుతున్నది. తేదీ, వేళ, చోటు, ఏమడిగారు అన్నవి ఆ రాత్రే కాగితం మీద రాసిపెట్టుకుంటే తరువాత వకీలుకు పనికివస్తాయి.

ఇవన్నీ నేరగాళ్ళకు కూడా ఉపయోగపడతాయి కదా అని మా మిత్రుడు, అంటే కుర్రవాని తండ్రి, మళ్ళీ సందేహం వెలిబుచ్చాడు. దొంగ కూడా తన ఇంటికి తాళం వేసుకుంటాడు. అందుకని ఊళ్ళో తాళాలు అమ్మడం మానేశారా?

వక్ఫు భూములు, కూలీల జీతాలు, వితంతు పింఛన్లు వంటివాటి కోసం తిరిగే యువకులు మన ప్రతి మసీదు పరిధిలో ముగ్గురో నలుగురో వుంటారు. వారందరినీ ఒక ఆదివారం కూర్చోబెట్టి ఆ వకీలు చేత ఈ పాఠం చెప్పించాలని మా మసీదు కమిటీకి అర్జీ పెట్టాము. కమిటీలో ఇద్దరు జంకుతున్నారు. లేనిపోని అనుమానాలు వస్తాయేమోనని వారి బాధ. ఆడవారికి విడిగా ఒక పూట ఏర్పాటు చేయాలని కూడా అడిగాము, ఎందుకంటే అటూ ఇటూ చూసి మాట్లాడవలసిన అవసరం వారికే ఎక్కువ. వచ్చే జుమా తర్వాత నిర్ణయం చెబుతామన్నారు.

మా విద్యార్థి ఫోనును శుభ్రపరిచాడు. ఆ సోదరి ఇంటికి తల్లిని వెంటబెట్టుకుని వెళ్ళి, తన వల్ల జరిగినదానికి క్షమాపణ చెప్పుకుని, రికార్డు చెరిపిన సంగతి ఆమె ఎదుటే చూపించి వచ్చాడు. ఫిర్యాదు మళ్ళీ పెడతావా అని అతను అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఇక మా ఫోనుకు మా మనుమరాలు ఆరు అంకెల సంఖ్య పెట్టింది. ఇప్పటికి రెండుసార్లు మరిచిపోయి ఆమెనే అడిగాము. మూడోసారి అడిగినప్పుడు, "దాదా, అది నాకు కూడా చెప్పకూడదు కదా" అంటూ ఆ సంఖ్య మార్చుకోమని ఫోను మా చేతికిచ్చి అటు తిరిగి నిలబడింది.